ఆడవాళ్ళ గేటు కైలాసా బువా

కైలాసా బువా గురించి హర్నామ్‌గంజ్ మగవాళ్ళు చెప్పేది ఏదీ నమ్మకండి. నేనూ ఆ ఊరి మగవాణ్ణే, కాబట్టి నన్ను కూడా కాస్త చూసి నమ్మండి. మిగతా దురలవాట్లు అన్ని ఊళ్ళ మగవాళ్ళకీ ఉన్నట్టే మాకూ ఉన్నాయి. కథల చివర మార్చి చెప్పడం మాత్రం మా సొంతం. ఆ అలవాటు వల్ల ఒక మనిషి బతుకులో ఇరవై రెండేళ్ళు ఎలా పోయాయో చెబుతాను. నా పేరు ఖుర్షీద్. బజారులో కుట్టుమిషను పెట్టుకుని నలభై ఏళ్ళయింది. ఊళ్ళో ఎవరి నడుం కొలత ఎంతో, దాన్ని తగ్గించి రాయమని ఎవరు అడుగుతారో కూడా నాకు తెలుసు.

లాలా ఛేదీలాల్ మా ఊళ్ళో సినిమా హాలు కట్టినప్పుడు పెద్దలు ఆయన్ని పిలిచి కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు సినిమాకి రావచ్చు, కాలం మారుతోంది, మేము అడ్డు చెప్పం అన్నారు. కాకపోతే మగవాళ్ళ కళ్ళబడకుండా రావాలి, కళ్ళబడకుండా పోవాలి. లాలా సగం టిక్కెట్లు వదులుకునే రకం కాదు. హాల్లో కుడిపక్కన ఆడవాళ్ళకి బెంచీలు వేయించి, చుట్టూ ముదురు ఎరుపు గుడ్డతో తెర కట్టించాడు. ఆ తెర కుట్టింది నేనే. రెండు పొరల గుడ్డ, గాలికి లేవకుండా అడుగు అంచులో ఇసుక. దీపాలు ఆరితే తెర పక్కకి జరిగేది, వెలిగితే మూసుకునేది.

రావడం బాగానే ఉంది, పోవడం సంగతేమిటి? బొమ్మ అయిపోయాక ఆడా మగా ఒకేసారి బయట పడితే ఊరి పరువు బజారున పడుతుందని పెద్దల బెంగ. దానికీ లాలా ఉపాయం చెప్పాడు. బొమ్మ ఇంకో పావుగంటలో అయిపోతుందనగా చిన్న గంట మోగుతుంది. ఆడవాళ్ళు లేచి పక్క గేటులోంచి వెళ్ళి రిక్షాలెక్కుతారు. మగవాళ్ళు బయటికొచ్చేసరికి రోడ్డు మీద రిక్షాల దుమ్ము తప్ప ఏమీ ఉండదు. పెద్దలు మెచ్చుకున్నారు.

అందువల్ల మా ఊరి ఆడవాళ్ళు ఏ సినిమాకీ చివర చూసి ఎరగరు. హంతకుడు ఎవరో, తప్పిపోయిన కొడుకు తల్లిని కలిశాడో లేదో, మొగుడు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, భోంచేసి, తాంబూలం వేసుకుని తీరిగ్గా చెబితే తెలియాలి. ఆ పావుగంట ముక్క చేతిలో ఉండబట్టి మా మగవాళ్ళకి ఇళ్ళల్లో దక్కిన మర్యాద అంతా ఇంతా కాదు.

ఆ పక్క గేటు దగ్గర ఉండటానికి ఒక ఆడమనిషి కావాలి. ఎవర్నిపడితే వాళ్ళని పెడితే బిసారియా వకీలు గారి భార్య లాంటివాళ్ళు రారు. దాహమేస్తే వాళ్ళు తాగదగిన చేతులుండాలి. బ్రాహ్మలైన మిశ్రాల కోడలు కైలాసా అలా దొరికింది. పదిహేడేళ్ళకే మొగుడు పోయాడు. అత్తవారు ఆమె నగలు ఉంచుకుని ఆమెను మాత్రం బయటికి పంపారు. గేటు దగ్గర చేరేనాటికి ఆమెకి ఇరవై. ఆ వయసుకే ఊరంతా బువా అని పిలవడం మొదలుపెట్టింది. విధవరాలిని మేనత్తను చేసేస్తే ఆమె వైపు ఇంకెవరూ చూడక్కర్లేదని మా వాళ్ళ లెక్క.

పని మాత్రం ఆమె పద్ధతిగా చేసేది. తెర లాగడం, పిల్లలు ఏడిస్తే నీళ్ళు పట్టడం, గంట మోగగానే అందరికన్నా ముందు బయటికెళ్ళి గేటు తీసి రిక్షాలని పిలవడం. "వకీలు గారి రిక్షా ముందుకి రా. తివారీ గారి వాళ్ళు ముగ్గురే వచ్చారు, నాలుగో చెప్పుల జత ఎవరిది?" ఆ గొంతు గేటు ఎదురుగా ఉన్న నా దుకాణంలోకి రోజుకి మూడుసార్లు వినిపించేది. ఆఖరి రిక్షా కదిలి, మగవాళ్ళూ వెళ్ళిపోయాక లోపలికెళ్ళి విసనకర్రలూ, పిల్లల బూట్లూ ఏరి పెట్టేది. అంటే, హాల్లో అన్ని సినిమాలకీ ఉండి, ఏ సినిమా చివరా చూడని మనుషుల్లో మొదటి మనిషి ఆమె.

అలాంటి రోజుల్లో వచ్చింది పడవ బొమ్మ. దానికి అసలు పేరు వేరే ఉంది గానీ మా ఊళ్ళో అందరూ అలాగే అన్నారు. జమీందారు కొడుకు, పడవ నడిపేవాడి కూతురు. అతను నది దాటడానికి పడవెక్కుతాడు, మనసు ఆ ఒడ్డునే వదిలేస్తాడు. తండ్రి తుపాకీ తీస్తాడు. కులపెద్దలు పిల్ల తండ్రి గుడిసె కాలుస్తారు. వరదల్లో ఇద్దరూ పడవలో పడి పోతుంటే తండ్రి ఈ ఒడ్డున తుపాకీ గురిపెట్టి నిలబడతాడు. అలలు పడవని కమ్మేస్తాయి. సరిగ్గా అక్కడ గంట మోగేది.

ఎనిమిది వారాలు ఆడింది. మా ఊళ్ళో అంతకుముందు ఏదీ మూడు వారాలు దాటలేదు. ఆ పిల్లకి జరిగే అన్యాయానికి తివారీ పండిత్‌జీ రెండు కండువాలు తడిపారు. అంత ఏడ్చిన మనిషి ఇంటి దగ్గర రిక్షా దిగాక, ఆ రిక్షావాడి చేయి తగలకుండా డబ్బులు జానెడు పైనుంచి వేశారు. బిసారియా వకీలు ఐదుసార్లు చూశారు. తక్కువ కులం పిల్ల ఎంత గొప్పదో అని కోర్టులో కూడా అనేవారట. వాళ్ళింట్లో అంట్లు తోమే పిల్లకి మాత్రం లోటా వేరే. నేనూ ఏడ్చాను. నేను మామూలు మనిషిని, ఏడవడానికి నాకు ఖర్చేముంది?

బొమ్మ చివర ఏం జరుగుతుందో మీకు చెప్పేస్తాను. పడవ మునగదు. అలల్లోంచి తేలి అదే ఒడ్డుకి, తండ్రి కాళ్ళ దగ్గరికే కొట్టుకొస్తుంది. ఆయన తుపాకీ నీళ్ళలోకి విసిరేసి, చనిపోయిన భార్య ముసుగు గుడ్డ తెచ్చి ఆ పిల్ల తలమీద కప్పుతాడు. సన్నాయి మోగుతుంది. హాల్లో మగవాళ్ళం అందరం కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాం.

ఆ మొదటి రోజు ఇంటికెళ్ళాను. నా భార్య నసీబన్ లాంతరు చిమ్నీ తుడుస్తోంది. మా అమ్మాయి జరీనాకి అప్పుడు ఎనిమిదేళ్ళు, చాప మీద పడుకుని వింటోంది. "తర్వాత ఏమైంది?" అంది నసీబన్. కలిశారు అనాలి. చిన్న మాట. కానీ నేను జరీనా వైపు చూశాను. కలిశారంటే, అలా కలవొచ్చా అని అడుగుతుంది. కలవొచ్చు అంటే, ఇంకో పదేళ్ళకి నా గుమ్మంలో ఏం నిలబడుతుందో. "మునిగిపోయారు, ఇద్దరూ" అన్నాను.

నేనొక్కణ్ణే వెధవపని చేశానని తెల్లవారే దాకా సిగ్గుపడ్డాను. పొద్దున దుకాణం దగ్గర నలుగురు చేరినప్పుడు తెలిసింది, అందరూ అదే చెప్పారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. వకీలు చెప్పాడు, పండిత్‌జీ చెప్పాడు, లాలా తన ఇంట్లో చెప్పాడు. ఏ పనిలోనూ ఒక్క మాట మీద నిలబడని ఊరు ఆ రాత్రి ఒక్క మాట మీద నిలబడింది. నా సిగ్గు అక్కడితో పోయింది.

ఒకసారి గుట్టు బయట పడబోయింది. వకీలు భార్య మొండిది. గంట మోగినా లేవలేదు. బువా బతిమాలి, ఆమె ఎంతకీ లేవకపోయేసరికి లాలాకి చెప్పి తెర మూయించి, మిగతావాళ్ళ రిక్షాల కోసం బయటికి పరిగెత్తింది. వకీలమ్మకి బొమ్మ కనబడలేదు గానీ, నా రెండు పొరల గుడ్డ అవతలి నుంచి సన్నాయి వినబడింది. చచ్చినవాళ్ళకి సన్నాయేమిటని ఇంటికెళ్ళి మొగుణ్ణి నిలదీసింది. అది పైలోకంలో పెళ్ళి అన్నాడు వకీలు. దావాలు గెలిచే మనిషి కదా. ఆ మాట ఆడవాళ్ళందరికీ ఎంత నచ్చిందంటే, ఆ ఏడు నుంచి వర్షాకాలం అయ్యాక ఒక మంగళవారం ఏటి ఒడ్డుకెళ్ళి పడవపిల్ల పేర ఆకు దొన్నెల్లో దీపాలు వదలడం మొదలుపెట్టారు. మేము అడ్డు చెప్పలేదు. నూనె మేమే తెచ్చి ఇచ్చాం.

లక్నో నుంచి కొత్తగా కాపురానికొచ్చిన ఒక కోడలు, అదేంటి వాళ్ళు కలుస్తారుగా అందిట. లక్నోలో ఏదైనా జరుగుతుంది, మా ఊళ్ళో మా ఆయన కళ్ళారా చూశాడు అని అత్త నోరు మూయించింది.

ఇప్పుడు బువా సంగతికి వస్తాను. ఆమె లాలాని అడిగితే ఇద్దరూ పోయారమ్మా అన్నాడు. అడగకపోయినా నమ్మేదే. రోజుకి మూడు ఆటలు మగవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ బయటికి రావడం ఆమె గేటు దగ్గర నిలబడి చూస్తోంది కదా.

హాలు వెనక ఇనుప రేకుల కొట్టంలో ఒక ఆయిల్ ఇంజను ఉండేది. కరెంటు పోతే దాంతో బొమ్మ నడిచేది. దాన్ని చూసుకునే మనిషి జియాలాల్, కోరీల వాడు, నేతపని వాళ్ళ పిల్లవాడు. మాట తక్కువ, చేతి పని ఎక్కువ. ఇంజను దగ్గర వేడికి దాహమేసి గేటు దగ్గరికొచ్చేవాడు. బువా చెంబుతో నీళ్ళు పోసేది, అతను కింద కూర్చుని దోసిలి పట్టేవాడు. మా దేశంలో పెద్ద కులం వాళ్ళు తక్కువ కులం వాళ్ళకి నీళ్ళు పోయడానికి ఒక ఎత్తుంది. నీటి ధార మధ్యలో తెగాలి, చెంబుకీ చేతికీ పొత్తు ఉండకూడదు. నాది కొలతలు తీసే కన్ను. మొదటి వారం చెంబు ఆమె భుజం దగ్గర ఉండేది. మూడో వారానికి నడుం దగ్గరికి దిగింది. ఎనిమిదో వారానికి దోసిలికీ చెంబుకీ మధ్య నాలుగు వేళ్ళు మిగిలాయి. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు. నేను చేసిన కొద్దిపాటి మంచి పనుల్లో అదొకటి.

జియాలాల్ మాత్రం రోజూ ఆఖరి రీలు ఇంజను వదిలి తలుపు సందులోంచి చూసేవాడు. ఆ సందులోంచి బొమ్మ తప్ప ఆడవాళ్ళ వైపేమీ కనబడదు. అతనికి ఆ ముసుగు గుడ్డ కప్పడం కంఠతా వచ్చు.

ఎనిమిదో వారం ఆఖరి రోజు, రేపు రీళ్ళ పెట్టెలు వేరే ఊరికి పోతాయనగా, అతను నీళ్ళు తాగి లేవకుండా అలాగే కూర్చున్నాడు. తర్వాత తల ఎత్తి అన్నాడు. "కైలాసా జీ, బొమ్మ చివర వాళ్ళు ఏం చేశారో మనమూ అదే చేద్దామా?"

అంతకన్నా వివరంగా చెప్పడం అతనికి రాదు. రోజూ హాల్లో ఉండే మనిషికి వివరం ఎందుకని కూడా అనుకున్నాడు. ఆమె ముఖం తెల్లబోయింది. రేపు చెబుతానంది. ఆ రాత్రంతా ఏం ఆలోచించిందో చాలా ఏళ్ళ తర్వాత నసీబన్‌కి చెప్పుకుంది. ఈ మనిషి నాతో కలిసి చావడానికి సిద్ధంగా ఉన్నాడు, నాకోసం ఇంతవరకు ఎవరూ పక్క వీధికి కూడా నడవలేదు అనుకుందిట. నీళ్ళంటే మాత్రం భయమేసిందిట. తను చచ్చినా ఫరవాలేదు, అతను చావకూడదనిపించిందిట.

మర్నాడు ఆమె అతనితో అంది. "నాకంత ధైర్యం లేదు జియాలాల్. నువ్వూ ఆ ఆలోచన మానుకో." అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి దాహమేస్తే వీధి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఏడాది తిరక్కుండా కరెంటాఫీసులో పని దొరికి ఊరి చివర సబ్‌స్టేషన్‌కి మారాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆమె చివర చూసి కూడా, ముసుగు గుడ్డా సన్నాయీ అన్నీ చూసి కూడా కాదంది అని అతను అనుకున్నాడు. కులం అంత గట్టిదా అని ఒక్కసారి నా దుకాణంలో అడిగాడు. గట్టిదే అన్నాను. కొలతలు తప్ప నాకేం తెలుసు?

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఏమీ జరగలేదు. ఆమె బతుకు గురించి రాయాలంటే అదే రాయాలి. తెర లాగింది, గేటు తీసింది, వాళ్ళ రిక్షాలు పిలిచింది, వాళ్ళ కూతుళ్ళ రిక్షాలు పిలిచింది. ఏటా దీపాలు వదిలే రోజు అందరికన్నా ముందు ఏటికి వెళ్ళేది ఆమే. ఒక దొన్నె పడవపిల్లకి. రెండోది ఎవరికని ఆడవాళ్ళు అడిగితే, బతికున్నవాళ్ళకి అనేది.

మేము మార్చి చెప్పిన ఆ చివర మాకు చాలా పనికొచ్చింది. ఊళ్ళో ఏ పిల్లయినా వేరే వీధి వాడి వైపు రెండుసార్లు చూస్తే తల్లి పడవపిల్ల గతి గుర్తుచేసేది. మా జరీనా పదిహేడేళ్ళప్పుడు గడియారాలు బాగుచేసే సైనీల హిందూ కుర్రాడి దుకాణం ముందు ఊరికే ఆగేది. వాళ్ళమ్మ ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఆ పడవ ఎలా మునిగిందో చెప్పింది. కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పింది, ఎందుకంటే నిజమని నమ్మింది. నేను పక్క గదిలో గుండీలు కుడుతున్నాను. లేచి వెళ్ళలేదు. ఆరు నెలల్లో జరీనాని బారాబంకీ సంబంధానికిచ్చాం.

మూడేళ్ళ కిందట, వేసవిలో, వకీలు గారింటికి టీవీ వచ్చింది. ఆదివారం సాయంత్రాలు దాన్ని వాకిట్లో పెట్టేవారు, ఊరి ఆడవాళ్ళంతా చేరేవాళ్ళు. ఇంట్లో వాకిలి కాబట్టి గంటా లేదు, గేటూ లేదు. ఒక గురువారం పేపర్లో వేశారు, వచ్చే ఆదివారం పడవ బొమ్మ.

ఊళ్ళో మగవాళ్ళ ముఖాలు మీరు చూసి ఉండాల్సింది. వకీలు పేపరు దాచాడు. తివారీ పండిత్‌జీ ఆదివారం ఇంట్లో పూజ పెట్టుకుందామని చూశారు. ఆయన భార్య పూజ పొద్దున కానిచ్చి సాయంత్రం వెళతానంది. శనివారం నా దుకాణంలో నలుగురం చేరాం. చివరికి వకీలే దారి చూపించాడు. టీవీని ఆపలేం, కరెంటుని ఆపొచ్చు. బొమ్మ ఆరుకి మొదలవుతుంది. ఎనిమిది దగ్గర పావుగంట పోతే చాలు. మా ఊళ్ళో కరెంటు పోతే అనుమానించే వాళ్ళెవరు?

నలుగురం జియాలాల్ దగ్గరికి వెళ్ళాం. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, నెరిసిన మీసం, సబ్‌స్టేషన్ ముందు మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. వకీలు చాలాసేపు సమాజ శ్రేయస్సు గురించి మాట్లాడాడు. నేను చలికాలానికి ఒక కోటు ఊరికే కుట్టిస్తానన్నాను. జియాలాల్‌కి మా బాధ అర్థం కాలేదు. ఆ బొమ్మ అందరూ చూసిందే కదా అన్నాడు.

"ఆడవాళ్ళెక్కడ చూశారు? ఆఖరి రీలుకి ముందే గేటు తీసేవాళ్ళంగా" అన్నాడు వకీలు. "పడవ మునిగిందని చెప్పుకున్నాం. ఇప్పుడు తేలితే మా గతేంటి?"

జియాలాల్ చేతిలో డబ్బా అలాగే ఉంది, నీళ్ళు మాత్రం ఒకే మొక్క మీద పడుతున్నాయి. అడిగాడు. "గేటు దగ్గరుండే ఆవిడ? ఆవిడా చూడలేదా?"

"ఆవిడే అందరికన్నా ముందు బయటికొచ్చేది" అన్నాను. అన్నాకే ఆ నాలుగు వేళ్ళ ఎత్తు నాకు గుర్తొచ్చింది.

అతను డబ్బా కింద పెట్టి, ఎనిమిదికేగా, నేను చూసుకుంటాను వెళ్ళండి అన్నాడు. వకీలు నా వీపు తట్టాడు. పని అయిపోయిందనుకున్నారు వాళ్ళు.

ఆ ఆదివారం హర్నామ్‌గంజ్‌లో కరెంటు పోలేదు. ఏడున్నరకి పై ఆఫీసు నుంచి మా ఊరికి కోత పెట్టమని ఫోన్ వచ్చిందిట, వాళ్ళ అవసరానికి. ఏనాడూ మాకోసం ఆలోచించని పై ఆఫీసు ఆ రోజు పనిగట్టుకుని సాయం చేయబోయింది. జియాలాల్ పెట్టను అన్నాడుట. ఆ ఒక్క మాటకి తర్వాత నెలరోజులు జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నాడు.

వకీలు వాకిట్లో ఏం జరిగిందో నసీబన్ చెప్పగా విన్నాను. పడవ వరదలోకి దిగింది. అలలు కమ్మాయి. గుమ్మం పక్కన కూర్చున్న కైలాసా బువా ఒళ్ళు దానంతటదే లేచిందిట, గేటు తీయడానికి. నసీబన్ ఆమె కొంగు పట్టుకుని కిందకి లాగింది. "కూర్చో బువా. ఇవాళ నీకు గేటు లేదు."

పడవ తేలింది. తుపాకీ నీళ్ళలో పడింది. ముసుగు గుడ్డ తల మీదికి వచ్చింది. సన్నాయి మోగింది. ఒక్క ఆడదీ ఏడవలేదుట. వకీలమ్మ మాత్రం, ఆ రోజు నేను విన్న సన్నాయి ఇదే అని, వెనక్కి తిరిగి వకీలు కూర్చునే కుర్చీ వైపు చూసింది. కుర్చీ ఖాళీ. బువా లేచి, చెప్పులు తొడుక్కోకుండా బయటికి నడిచింది.

ఎనిమిదికి కరెంటు పోకపోయేసరికి వకీలూ మిగతా ఇద్దరూ నన్ను సబ్‌స్టేషన్‌కి తరిమారు, కనుక్కు రమ్మని. నేను వెళ్ళేసరికి చీకటి పడింది, గుమ్మం మీద దీపం వెలుగుతోంది. జియాలాల్ ముంగిట్లో కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు.  నేను అడిగేలోపే బువా వచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి, ఉత్త కాళ్ళు, పగలంతా ఎండకి కాగిన రోడ్డు మీద మైలు నడిచింది. నేను వేపచెట్టు చాటుకి తప్పుకున్నాను. వెళ్ళిపోవాల్సింది, వెళ్ళలేదు.

"చూశావా?" అన్నాడతను.

"చూశాను. ఇన్నేళ్ళూ నువ్వు నన్ను నీళ్ళలో దూకుదామన్నావనుకున్నా" అంది. "నువ్వు బతకాలని కాదన్నాను జియాలాల్."

అతను లేచి, కుర్చీ ఆమె వైపు జరిపాడు.  "నేను ఒడ్డుకి చేరదామన్నాను" అన్నాడు. "కూర్చో కైలాసా. కాళ్ళు కాలిపోయి ఉంటాయి."

ఆమె కుర్చీలో కూర్చుంది. దాహంగా ఉందంది. అతను మట్టికుండలోంచి చెంబు ముంచి తెచ్చాడు. ఏ ఎత్తునుంచి పోయాలో తెలియక చెంబు పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె చెంబే అందుకుంది. సగం తాగి, మిగతా సగం అతని చేతికిచ్చింది. అతను ఆ ఎంగిలి నీళ్ళు ఆగి ఆగి తాగాడు. నాకు ఏడుపొచ్చింది. హాల్లో వచ్చిన రకం కాదు, సిగ్గుతో కలిసిన రకం.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఆమె సబ్‌స్టేషన్ వెనక అతని గదిలోనే ఉంది. మిశ్రాలు ఆమె మాకు పోయినట్టే అన్నారు, అంతకుముందు ముప్ఫై ఏళ్ళూ వాళ్ళకి ఉన్నట్టు. ఊరికి కొత్తవాళ్ళు వచ్చి బువా ఏదని అడిగితే మగవాళ్ళు హరిద్వారంలో తపస్సు చేసుకుంటోందని చెబుతారు. తపస్సు ఏమీ లేదు. పోయిన నెల నా దగ్గర రెండు జాకెట్లు కుట్టించుకుంది, ఒకటి పచ్చది. ఆడవాళ్ళు ఏటికి దీపాలకి వెళ్ళడం మానలేదు, కాకపోతే నూనె మమ్మల్ని అడగడం లేదు.

ఇక ఆ ఆదివారం ఇంటికి వచ్చాను. దారి పొడుగునా ఏ ఇంట్లోనూ పొయ్యి రాజుకోలేదు. వకీలు గుమ్మంలో ఒంటరిగా కూర్చున్నాడు. తివారీ పండిత్‌జీ అరటిపళ్ళు కొనుక్కుంటున్నారు.

మా ఇంట్లో నసీబన్ చాప మీద కూర్చుని ఉంది. సెలవులకి పుట్టింటికొచ్చిన జరీనా తలుపుకి ఆనుకుని నిలబడింది.   నసీబన్ అడిగింది, బువా సబ్‌స్టేషన్ వైపు వెళ్ళిందట, తర్వాత ఏమైంది అని.

అదే ప్రశ్న. ఆమె అతన్ని చూసి వెనక్కి వెళ్ళిపోయిందన్న మాట నాలుక చివరి దాకా తయారుగా వచ్చింది, ఎవరూ పిలవకుండానే. జరీనా నా వైపు చూస్తోంది, ఎనిమిదేళ్ళప్పుడు చాప మీద పడుకుని చూసినట్టే. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఉత్త కాళ్ళు, కుర్చీ, చెంబు, అన్నీ.

"ఇద్దరూ ఒకే చెంబుతోనా?" అంది జరీనా.

"ఒకే చెంబుతో."

ఆమె తలుపు దగ్గర్నుంచి కదిలింది. "ఇంత తేలిగ్గా చెప్పగలరా నాన్నా మీరు" అని, పిల్లల దగ్గరికి లోపలికెళ్ళిపోయింది.

 నసీబన్ లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఆ రాత్రి హర్నామ్‌గంజ్‌లో వెలిగిన పొయ్యి మాదొక్కటేనని మర్నాడు తెలిసింది. రొట్టెలు మాత్రం నాకు ఒక్కటీ గొంతు దిగలేదు.